తెలిసిన ముఖం, తెలియని ఖాతా

మిర్చి డబ్బు చేతికొచ్చే రోజుల్లో పెనుగొలనులో మమ్మల్ని చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫోన్‌లో కేంద్ర ఆర్థిక మంత్రిగారే చెబుతున్నారు. ఇరవై వేల పైచిలుకు కడితే నెలకు లక్షలు వస్తాయట. నిజమేనా?"

నిజం కాదు. నిర్మలా సీతారామన్ గారి ముఖంతో, గొంతుతో తిరుగుతున్న ఈ పెట్టుబడి వీడియోలు నకిలీవని ప్రభుత్వ సంస్థ పీఐబీ పలుమార్లు ప్రకటించింది. తన గవర్నరు పేరిట తిరుగుతున్న వీడియోల గురించి రిజర్వు బ్యాంకు కూడా 2024 నవంబరులో హెచ్చరించింది. అదే ఏడాది జనవరిలో సచిన్ టెండూల్కర్‌కూ ఇదే ఎదురైంది. తన కూతురు ఫలానా గేమ్ ఆడి డబ్బు సంపాదిస్తోందని ఆయనే చెబుతున్నట్టు వీడియో పుట్టించారు. అది అబద్ధమని ఆయన స్వయంగా చెప్పుకోవలసి వచ్చింది. మన చిరంజీవి 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్ళి, తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడరాదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. మంచిదే. అయితే ఆ ఉత్తర్వు ఆయన పేరును కాపాడుతుంది గానీ మన జేబును కాదు.

దీన్ని డీప్‌ఫేక్ అంటారు. పాత ఇంటర్వ్యూ వీడియో ఒకటి తీసుకుంటారు. ఆ మనిషి గొంతు కొద్దిసేపు దొరికితే చాలు, కంప్యూటర్ అదే గొంతుతో కొత్త మాటలు పలుకుతుంది. ఆ మాటలకు తగ్గట్టు పెదవులు కదిలేలా బొమ్మను మారుస్తారు. తరువాత డబ్బు కట్టి దాన్ని ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటనగా వేస్తారు. నొక్కితే పేరున్న వార్తాసంస్థ పేజీలా కనిపించేది తెరుచుకుంటుంది. మన నంబరు ఇచ్చిన కాసేపటికి "మేనేజరు" ఫోన్ చేస్తాడు. మొదట కొద్దిగా లాభం నిజంగానే మన ఖాతాలో వేస్తాడు. ఎర అదే. పెద్ద మొత్తం కట్టాక, వెనక్కి తీసుకోవాలంటే ముందు ట్యాక్స్ కట్టాలంటాడు.

ఇదంతా పట్నం గొడవ అనుకోకండి. 2025 అక్టోబరులో మన పొరుగునే, ఖమ్మం జిల్లా సత్తుపల్లి తెలుగుదేశం కార్యకర్తలకు వీడియో కాల్ వచ్చింది. తెరమీద దేవినేని ఉమా ముఖం, ఆ తరువాత చంద్రబాబు ముఖం. నమ్మి డబ్బు పంపారు. విజయవాడ దాకా వెళ్ళాకగానీ మోసం బయటపడలేదు. వారేమీ అమాయకులు కారు, నాయకులను దగ్గరనుంచి చూసినవారే. పరిచయమే వారిని పడేసింది.

కళ్ళు ఆర్పుతున్నారా, పెదవి మాటతో కలుస్తోందా అని చూడమని కొందరు సలహా ఇస్తారు. మాకు దానిమీద నమ్మకం తక్కువ. ఆ లోపాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి, పైగా చిన్న ఫోన్‌లో పెద్దవాళ్ళకు అవి కనబడవు. మన పండితులు హదీసును ఎలా పరీక్షించారో గుర్తుచేసుకోండి. మాట ఎంత బాగున్నా, ఎవరినుంచి ఎవరికి చేరిందో ఆ సనద్ అడగనిదే ఒప్పుకోలేదు. వీడియో విషయంలోనూ అడగవలసింది అదే: ఇది ఎవరి పేజీనుంచి వచ్చింది? డబ్బు ఎవరి ఖాతాలోకి వెళుతోంది? మంత్రి చెప్పిన పథకమైతే ఏదో ఊళ్ళో ఎవరో వ్యక్తి సేవింగ్స్ ఖాతాకు డబ్బెందుకు వెళ్ళాలి?

ముఖం అరువు తెచ్చుకోవడం కంప్యూటర్‌తో పుట్టింది కాదు. బెంగళూరు ఐఎంఎ సంస్థ "హలాల్ లాభం" అన్న మాటతోనే వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు సేకరించింది. 2019 జూన్‌లో యజమాని దేశం దాటాక జనం ఆఫీసు ముందు బారులు తీరారు. మతపెద్దలు మెచ్చుకున్నారు కదా అన్న ధీమాతో కట్టినవారు వారిలో ఎందరో. ఇప్పుడా మెచ్చుకోలును మనిషితో పనిలేకుండానే తయారు చేయవచ్చు.

మా భయం ఇక్కడే. రేపు రంజాన్‌లో మీరెరిగిన ఒక ఆలిం ముఖంతో, అనాథ పిల్లల కోసం జకాత్ పంపమని వీడియో వస్తే? కింద క్యూఆర్ కోడ్ ఉంటే? మీ నియ్యత్ మంచిదే, కానీ ఆ పూట ఎదురుచూసే వితంతువు ఇంటికి బియ్యం చేరవు. అందుకే దాతలకు మా విన్నపం. మా సొసైటీ వీడియోలో విరాళం అడగదు. డబ్బు పంపే ముందు ఫోన్‌లో బ్యాంకులో నమోదైన పేరు కనిపిస్తుంది. అక్కడ సొసైటీ పేరు కాక వ్యక్తి పేరు కనబడితే ఆగిపోయి, మీకు తెలిసిన సభ్యుడికి ఫోన్ చేయండి. రసీదు అడగడం మమ్మల్ని అనుమానించడం కాదు. అడిగినవారంటేనే మాకు గౌరవం.

కుర్రాళ్ళకు మరో మాట. కమీషన్ ఇస్తాం, నీ ఖాతా వాడుకోనివ్వమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇలా దోచిన డబ్బు తిరిగేది ఆ అద్దె ఖాతాల్లోనే. పోలీసులు ముందు వచ్చేదీ ఆ ఇంటికే.

ఇప్పటికే డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి. రాత్రయినా పలుకుతుంది. లావాదేవీ నంబరు, సమయం, బ్యాంకు పేరు దగ్గర ఉంచుకోండి. డబ్బు ఇంకా ఖాతాలు మారకముందే చెబితే ఆపించే వీలుంటుంది. కొడుకు కోప్పడతాడని రెండు రోజులు దాచిపెడితే ఆ వీలు కూడా పోతుంది. నంబరు కలపడం చేతకాకపోతే ఏ వేళనైనా మా సభ్యుల తలుపు తట్టండి, పక్కన కూర్చుని మేమే ఫిర్యాదు రాయిస్తాం.