బాల్యమున విన్న పాటను ఏల మరువము?

కొన్ని నెలల క్రిందట చార్మినారు సమీపమున ఒక ఇరానీ హోటలులో మేము మువ్వురము కూర్చుండి చాయ్ త్రాగుచుంటిమి. మువ్వురమును శాలిబండ, లాల్ దర్వాజా గల్లీలలో పెరిగినవారమే. ఒక మిత్రుడు చాల ఏండ్లుగా జెద్దాలో ఉద్యోగము చేయుచు, సెలవుమీద వచ్చి యుండెను. ప్రక్క బల్లమీద ఎవరిదో ఫోను మ్రోగినది. అది మామూలు గంట కాదు. "శక్తిమాన్" ధారావాహికమునకు ఆరంభమున వచ్చు పాట. మేము మాట నిలిపితిమి. జెద్దా మిత్రుడు కప్పును సాసరులో పెట్టి ఆ బల్లవైపే చూచుచుండెను.

పాట ఆగిన పిమ్మట వాదము మొదలైనది.

"శనివారం పొద్దున వచ్చేది. బడి ఎగ్గొట్టి చూసినం, యాద్ లేదా?" అంటిని నేను.

"కాదు భాయ్, ఐతారం పగటిపూట. అన్నం సగంల ఇడిసిపెట్టి ఉరికేటోణ్ణి," అనెను జెద్దా మిత్రుడు.

మూడవవాడు నవ్వి, "ఇద్దరికీ మతి పోయింది. మంగళవారం సాయంత్రం," అనెను.

ఇంటికి వచ్చి విచారించి చూడగా, మువ్వురమును నిజమే చెప్పితిమని తేలినది. శక్తిమాన్ దూరదర్శన్‌లో 1997 సెప్టెంబరు 13న మొదలైనది, ఆనాడు శనివారము. తొలుత శనివారము ఉదయమును, మంగళవారము సాయంకాలమును వచ్చుచుండెను. తరువాత ఆదివారము మధ్యాహ్నమునకు మారినది. 2005 వరకు నడచినది. ఇది బొమ్మలు గీసి తీసిన కార్టూన్ కాదు, ముఖేశ్ ఖన్నా అను నటుడు ధరించిన పాత్ర. అయినను ఇతర దేశముల పిల్లలకు శనివారపు ఉదయమున వచ్చు అద్భుత వీరుల బొమ్మల చిత్రములు ఎట్టివో, మా గల్లీ పిల్లలకు ఇది అట్టిదే.

ఇందు వింత ఏమనగా, మేము మువ్వురము ఎంత ప్రయత్నించినను ఒక్క వారపు కథనైనను మొదలునుండి చివరిదాక చెప్పలేకపోతిమి. పత్రికలో ఫోటోలు తీయు అమాయకుడు గంగాధరుడు గిరగిర తిరిగి వీరుడగుట మాత్రమే మిగిలినది. పాట మాత్రము అక్షరము పొల్లుపోక వచ్చినది. కథ ఏల పోయినది? పాట ఏల నిలిచినది?

మొదటి కారణము కేవలము లెక్క. ప్రతి వారపు కథయు క్రొత్తది. దానిని ఒక్కమారే చూతుము. పాట మారదు. వారమునకు ఒకమారు చొప్పున మూడేండ్లు చూచిన బాలుడు ఆ పాటను 156 మార్లు వినును. అదియు ఒక్కరోజున 156 మార్లు కాదు, ఏడేసి దినముల ఎడము ఇచ్చి. ఈ ఎడమే ముఖ్యము. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల వరుసలను తానే కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత మరచిపోవునో కొలిచి 1885లో ప్రకటించెను. ఒకే దినమున పలుమార్లు వల్లించుటకంటె, అన్ని మార్లనే కొన్ని దినములపై పంచి వల్లించినచో ఎక్కువ నిలుచునని ఆయన కనుగొనెను. సగము మరచిన దానిని మరల జ్ఞప్తికి తెచ్చుకొను శ్రమయే ముద్రను గాఢము చేయును. పరీక్షకు ముందు రాత్రి చదువువారు దీనిని గమనింతురు గాక.

రెండవ కారణము పాట కట్టుబడి. అమెరికాలో "స్పైడర్ మ్యాన్" కార్టూన్ 1967 సెప్టెంబరు 9న, అదియు శనివారమే, మొదలైనది. దాని పాటకు మాటలు వ్రాసినవాడు పాల్ ఫ్రాన్సిస్ వెబ్‌స్టర్, బాణీ కట్టినవాడు బాబ్ హ్యారిస్. వెబ్‌స్టర్ సినిమా పాటలకు మూడు ఆస్కారులు గెలిచిన కవి. పిల్లల పాటకు అంతటివాడేల యనిపించవచ్చును. కాని నిమిషములో వీరుని పేరు, అతని శక్తి, అతని పని చెప్పి, కొత్తగా చూచువానిని సైతము కథలోనికి దింపుట సులభము కాదు. చిన్న పాదములు, పాదము చివర ప్రాస, మాటిమాటికి వీరుని పేరు: ఇవి అలంకారములు మాత్రమే కావు, జ్ఞాపకమునకు ఊతకఱ్ఱలు. ఒక మాట మరచినను, లయ "ఇచట ఇన్ని మాత్రలే పట్టును" అనును. ప్రాస "ఈ శబ్దముతోనే ముగియవలెను" అనును. అర్థము "వీరుని గురించియే చెప్పవలెను" అనును. మూడు కంచెల నడుమ సరిపడు మాట ఒక్కటే మిగులును. మౌఖిక సాహిత్యము తరతరములు నిలుచుటకు ఇదియే కారణమని డేవిడ్ రూబిన్ అను మనస్తత్త్వవేత్త 1995లో ఒక గ్రంథమున విపులముగ నిరూపించెను. ప్రభవ, విభవ మొదలైన అరువది సంవత్సరముల పేర్లను, ఎక్కములను మన పెద్దలు రాగము తీసి చెప్పించుటలో ఈ సూత్రమే కలదు.

మా గల్లీలోని తెలుగిండ్ల పిల్లలలో చాలమందికి ఆ హిందీ మాటల అర్థము సగమే తెలియును. ఇంట ఉర్దూ మాటాడు పిల్లలకు అది సుళువు. కాని పాడునప్పుడు భేదము కనబడెడిది కాదు. అర్థము తెలియనిచోట శబ్దమునకు దగ్గరగా ఏదో ఒకటి పలికి, బాణీమీద దాటిపోయెడివారము. నా నోట పాతికేండ్లు నిలిచిన ఒక మాట హిందీలో లేనేలేదని ఆ దినముననే తెలిసినది!

అయితే బాణీ కట్టినంత మాత్రమున అన్నియు కంఠస్థమగునా? కావు. వాండా వాలెస్ 1994లో ప్రకటించిన ప్రయోగములలో, ఒకే బాణీలో పలు చరణములు పాడగా విన్నవారు, వాటిని మాటలుగా విన్నవారికంటె ఎక్కువ గుర్తుంచుకొనిరి. ఒక్క చరణమునే వినిపించినపుడు బాణీ మేలు చేయలేదు. బాణీ తానే ముందు పరిచయము కావలెను. తరువాతనే మాటలను మోయును.

దీనిని తరగతిలో చేసి చూడవచ్చును. ఎవ్వరును వినని నాలుగేసి పాదముల చరణములు మూడు ఉపాధ్యాయుడే వ్రాసికొనవలెను. విద్యార్థులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు చదివి, మరొక భాగమునకు మూడు చరణములను ఒకే బాణీలో పాడి, అయిదేసి మార్లు వినిపింపవలెను. వారము తరువాత ముందుగా చెప్పకుండ, గుర్తున్నంత వ్రాయించి సరియైన మాటలు లెక్కింపవలెను. పిమ్మట పాడినవారిని "ఆరవ పాదమేది?" అని అడుగుడు. వారి పెదవులను గమనింపుడు. మొదటి పాదమునుండి లోలోపల పాడుకొని గాని ఆరవదానికి రాలేరు. ఏడెనిమిదులెంత అని అడిగిన పిల్లవాడు ఏడు ఒకట్లనుండి మొదలిడుటయు ఇట్టిదే. పాట గొలుసువంటిది, నడుమ పట్టుకొనుట కష్టము. రాగముతో నేర్పు ఉపాధ్యాయులు ఈ లోపమును మనసున నుంచుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది పాట నిలుచుటకు కారణము. పాటతోపాటు కిటికీ, వాకిలి, మనుష్యులు ఏల వచ్చుదురు? ఆ రోజులలో మా గల్లీలో అన్ని ఇండ్లలో టీవీ లేదు. లాల్ దర్వాజా వైపు ఒక పెద్దమ్మ ఇంట ఉండెను. గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లు కావున ఆమె కిటికీనుండి పాట వినబడగానే పిల్లలందరును పరుగెత్తెడివారు. గడపవద్ద చెప్పుల కుప్ప పడెడిది. జెద్దా మిత్రుడు ఆ పాట విని మొట్టమొదట అడిగినది శక్తిమాన్ గురించి కాదు, ఆ పెద్దమ్మ గురించి. ఆమె పోయినది, ఆ ఇంటిచోట ఇప్పుడు నాలుగంతస్తుల కట్టడము కలదు.

2009లో కాలిఫోర్నియాలో పీటర్ జనాటా యువకులకు వారి ఎనిమిదవ ఏటినుండి పదునెనిమిదవ ఏటివరకు ప్రసిద్ధములైన పాటల తునకలు వినిపించి, వారి మెదడును ఎమ్మారై యంత్రముతో పరిశీలించెను. సొంత జీవితపు సంఘటనను మేల్కొలిపిన పాట వినునప్పుడు నొసటి వెనుక నడిమి భాగము చురుకైనది. విశేషమేమనగా, ఆ భాగమే పాటలోని స్వరముల గమనమును కూడ అనుసరించుచుండెను. అనగా బాణీయు, స్వీయ స్మృతియు ఒకేచోట కలిసికొనుచున్నవి. దీనికి వయస్సు తోడ్పడును. నడివయస్సు దాటినవారిని వారి జీవిత సంఘటనలు చెప్పుమన్నచో, పదవ ఏటినుండి ముప్పదవ ఏటివరకు జరిగినవే అధికముగ చెప్పుదురు.

కాని స్పష్టముగ గుర్తున్నదంతయు సత్యమని తలచరాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో చూపినట్లు, జ్ఞాపకము పెట్టెలో దాచిన వస్తువు కాదు. తీసినప్పుడెల్ల మరల కట్టబడును. మా మువ్వురి వాదము ఇట్టిదే. ఎనిమిదేండ్ల కాలమును ఒక్కొక్కరము ఒక్క దినముగా కుదించుకొంటిమి. 2020 ఏప్రిలులో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ ఆ ధారావాహికమును మరల ప్రసారము చేసినపుడు చూచితిని. ఆకాశమున ఎగురుట బొత్తిగా నాటుగా ఉన్నది! చిన్ననాట చూచినది ఇదియేనా యనిపించినది. పాట మాత్రము నిరాశపరచలేదు.

గతముకొరకు కలుగు ఈ తీపి బాధకు "నాస్టాల్జియా" అని పేరు పెట్టినవాడు యొహానెస్ హోఫర్ అను వైద్య విద్యార్థి. 1688లో, స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున. గ్రీకు భాషలో ఇంటికి తిరిగివచ్చుట, బాధ అను రెండు మాటల కలయిక అది. ఇల్లు విడిచి పరదేశములలో నున్న స్విస్ వారి జబ్బుగా ఆయన దానిని వర్ణించెను. పశువుల కాపరులు పాడు ఒక బాణీ వినగానే స్విస్ సైనికులు కంటనీరు పెట్టి కొలువు విడిచి పోవుచుండిరనియు, అందుచేత దానిని వాయించుట నిషేధించిరనియు రూసో తన సంగీత నిఘంటువున వ్రాసెను. ఆ మాటకును పాటకును చుట్టరికము అంత పాతది. నేడు దానిని జబ్బు అనరు. ఒంటరితనము కలిగినపుడు ఇట్టి స్మృతులు మేల్కొనుననియు, అవి తనవారు కలరను భావమును పెంచుననియు టిమ్ వైల్డ్‌షుట్, ఆయన సహచరులు 2006లో ప్రకటించిరి.

నేటి మా గల్లీ పిల్లలకు శక్తిమాన్ తెలియదు. వారు పాడునది 2008లో పోగో ఛానెలులో మొదలైన "ఛోటా భీమ్" పాట. దానిని తయారుచేసిన గ్రీన్ గోల్డ్ సంస్థ మన హైదరాబాదుదే. ఇప్పుడు వారు కోరినపుడెల్ల ఫోనులో చూడగలరు, పాటను వేలితో దాటవేయనూగలరు. ఏడు దినముల ఎడము లేదు, కిటికీనుండి పిలుపు లేదు. ఇరువది యేండ్ల తరువాత వారికి ఏమి మిగులునో వారినే అడిగి తెలిసికొనవలెను.

హోటలులో ఆ ఫోను రెండవమారు మ్రోగినది. దాని యజమాని చేయి చాపగా, జెద్దా మిత్రుడు "ఒక్క నిమిషం భాయ్, ఎత్తకు," అని బతిమాలెను. అతడు నవ్వి, ఫోనును మా బల్లమీద పెట్టెను.