మూడు గీతల నడుమ నీరు

2008 జూన్. అంగారకుడి ఉత్తర మైదానంలో దిగిన ఫీనిక్స్ నౌక తన మరచేతితో చిన్న కందకం తవ్వింది. ఎర్రమట్టి కింద పాచికలంతేసి తెల్లటి పలుకులు బయటపడ్డాయి. నాలుగు రోజుల తర్వాత తీసిన ఫొటోలో వాటిలో కొన్ని లేవు. ఉప్పయితే అలా మాయం కాదు. అది నీటి మంచే. కానీ కరిగిన జాడ లేదు, మట్టి తడవలేదు, ఒక్క చుక్క నీరు కనిపించలేదు. డబ్బాలోని కర్పూరం హరించుకుపోయినట్టు గడ్డ నేరుగా గాలిలో కలిసిపోయింది.

ఎందుకలా జరిగిందో ఇంటర్ పిల్లలకు తెలిసిన ఒక చిన్న పటం చెబుతుంది. దాని పేరు ప్రావస్థా పటం. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పీడనం. మూడు గీతలు, మూడు రాజ్యాలు: ఎడమన మంచు, నడుమ నీరు, కుడివైపు దిగువన ఆవిరి. పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకునే బొమ్మగానే ఇది చాలామందికి గుర్తుండిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఏ గ్రహమైనా, ఏ సముద్రపు అడుగైనా ఈ పటంలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. అక్కడ ఏరు పారుతుందా, మంచు పేరుతుందా అన్నది ఆ చోటును బట్టే తేలుతుంది.

చదవడం తేలిక. సముద్రతీరపు గాలి పీడనం దగ్గర వేలు పెట్టి కుడికి జరపండి. సున్నా డిగ్రీల దగ్గర ఒక గీత దాటగానే గడ్డ నీరవుతుంది. నూరు దగ్గర ఇంకో గీత దాటితే నీరు ఆవిరవుతుంది. వేలు కొంచెం కిందికి దించి, అంటే కొండెక్కి, మళ్లీ జరపండి. రెండో గీత ముందే తగులుతుంది. ఎవరెస్టు మీద 70 డిగ్రీల చిల్లరకే నీరు మరుగుతుంది. ఇంకా దించుతూ పోతే నీటి రాజ్యం ఇరుకై, ఇరుకై, ఒక మొన దగ్గర అంతమవుతుంది. 0.01 డిగ్రీలు, 611 పాస్కల్‌లు. మన గాలి పీడనంలో ఇది 166వ వంతు. మూడు గీతలూ కలిసే ఈ చోటే త్రిక బిందువు.

దాన్ని కళ్లారా చూడొచ్చు. కొలతల ప్రయోగశాలల్లో గాలంతా తీసేసి, శుద్ధమైన నీరు నింపి మూసేసిన గాజు పాత్రలుంటాయి. పాత్ర నడుమ ఒక గొట్టం దిగి ఉంటుంది. గొట్టాన్ని లోపలినుంచి బాగా చల్లబరిస్తే దాని చుట్టూ మంచు తొడుగు కడుతుంది. తర్వాత గది వేడిమిలో ఉన్న కడ్డీని అందులోకి కాసేపు దించుతారు. తొడుగు లోపలి అంచు పలచటి పొరలా కరుగుతుంది. అప్పుడు పాత్రను కొద్దిగా తిప్పితే మంచు తొడుగు గొట్టాన్ని వదిలి దాని చుట్టూ తిరుగుతుంది. మంచు, నీరు, పైన ఆవిరి, ఏ ఒక్కటీ ఇంకోదాన్ని తరిమేయకుండా ఉండిపోతాయి. ఆ నిలకడను నమ్మే 1954 నుంచి 2019 దాకా ప్రపంచం కెల్విన్‌ను త్రిక బిందువుతో నిర్వచించుకుంది.

అంగారకుడి సగటు వాయుపీడనం ఇంచుమించు ఈ మొన దగ్గరే ఉంది. సముద్రం లేని ఆ గ్రహం మీద ఎత్తులు ఎక్కణ్నుంచి కొలవాలి? 1970ల్లో శాస్త్రవేత్తలు నీటి త్రిక బిందువు పీడనం ఉండే మట్టాన్నే సున్నాగా పెట్టుకున్నారు. ఎంత అందమైన ఎంపిక! ఫీనిక్స్ దిగినచోట పట్టపగలు కూడా మైనస్ 20 డిగ్రీల దాపుల్లోనే ఉండేది. గాలి పలచన, పైగా పరమ పొడి. నీటి రాజ్యంలో అడుగుపెట్టే దారే లేక గడ్డ తిన్నగా ఆవిరైంది. ఉత్పతనమంటే అదే. దక్షిణాన హెల్లస్ అనే పెద్ద పల్లం అడుగున పీడనం ఇంకాస్త ఎక్కువ. అక్కడైనా నీరు 10 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది.

మంచుకూ నీటికీ మధ్య గీత ఎడమకు వాలి ఉంటుంది. చాలా పదార్థాలకు కుడికి వాలుతుంది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది కనుక, గట్టిగా నొక్కితే మంచు నీరవడానికే మొగ్గుతుంది. అంటార్కిటికాలో దాదాపు 4 కిలోమీటర్ల మంచు కింద వోస్తోక్ సరస్సు మైనస్ 3 డిగ్రీల దాపులోనూ గడ్డకట్టలేదు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది మరిగే గీత. అది పైకి పోయి పోయి 374 డిగ్రీలు, 218 రెట్ల గాలి పీడనం దగ్గర ఆగిపోతుంది. అదే సందిగ్ధ బిందువు. ద్రవాలకు ఇలాంటి హద్దు ఉందని 1822లో ఫ్రాన్సులో కాన్యార్ ద లా తూర్ చెవితో కనిపెట్టాడు. మూసేసిన తుపాకి గొట్టంలో కొంత ద్రవం, ఒక చెకుముకిరాతి గుండు ఉంచి, వేడిచేస్తూ దొర్లించాడు. గుండు ద్రవంలో పడే చప్పుడు ఒక వేడిమి దాటాక వినపడలేదు. చీల్చడానికి లోపల ద్రవపు పైతలమే మిగల్లేదు.

ఉప్పు వల్ల సముద్రపు నీటికి ఆ బిందువు 407 డిగ్రీల దగ్గర ఉంటుంది. అట్లాంటిక్ అడుగున, భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా, 3,000 మీటర్ల లోతున టర్టిల్ పిట్స్ అనే చోట సరిగ్గా అంత వేడిని కొలిచారు. అక్కడ చిమ్మేది నీరూ కాదు, ఆవిరీ కాదు. రాళ్లలోని ఇనుమునూ రాగినీ కరిగించి మోసుకొస్తుంది. చల్లటి సముద్రం తగలగానే ఆ లోహాలు నల్లటి సల్ఫైడు రేణువులై విడిపోయి, బయటపడిన చోటే పొగగొట్టాలుగా పేరుకుంటాయి.