లక్ష్మణ్ ఆట ఎందుకు యాది పెట్టుకోవాలె?

ఇప్పుడు ఇరవై ఓవర్లల్ల రెండొందలు కొడితేనే ఆట అంటున్నరు. తప్పేం లేదు తమ్మీ. కానీ టెస్టు ఆట సమజ్ కావాలంటే మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ ముచ్చట తెల్వాలె.

2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా 445 కొట్టింది. మనోళ్లు 171కే ఆలౌట్. 274 పరుగులు ఎనకబడ్డరు కాబట్టి ఫాలో ఆన్, అంటే ఎంటనే మళ్ల బ్యాటింగ్‌కు దిగుడే. మొదటిపారి ఆరో నంబర్ల వచ్చి 59 కొట్టిన లక్ష్మణ్‌ను ఈపారి మూడో నంబర్ల పంపిండ్రు. గదే మలుపు. నాలుగో రోజు పొద్దంత లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్ పడనియ్యలే. ఇద్దరు కలిసి 376. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. ఆఖరికి మనం 171 పరుగులతోని గెలిచినం.

బలంతోని కాదు, మణికట్టుతోని కొట్టిండు. షేన్ వార్న్ లెగ్ దిక్కు గరుకుల ఏసి తిప్పుతుంటే, ముందుకొచ్చి ఓపారి కవర్స్ దిక్కు, ఓపారి మిడ్‌వికెట్ దిక్కు పంపిండు.

2010ల మొహాలీల గూడ గంతే. 216 కొట్టాలె, 124కే ఎనిమిది వికెట్లు పోయినయ్. నడుం నొప్పితోని నిలబడి 73 నాటౌట్. ఒక్క వికెట్‌తోని గెలుపు.

134 టెస్టులు, 17 సెంచరీలు. సచిన్‌కున్నన్ని సెంచరీలు లేవు, నిజమే. కానీ చానా పార్లు ఐదుల, ఆరుల దిగి, బౌలర్లను ఎంటబెట్టుకొని ఆడిండు. గసొంటోనికి ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ గూడ దొరకలే. గదే నా బాధ. లెక్కలు సూసుడు మంచిదే, ఎసొంటి యాళ్ల కొట్టిండో గది గూడ సూడుర్రి.