చూపు మారితే అద్దాలు మార్చాలి

సూదిలో దారం ఎక్కడం లేదు. బియ్యంలో రాళ్లు ఆనడం లేదు. పుస్తకం దూరంగా పట్టుకుంటేనే అక్షరం కనబడుతోంది. "నేర్చుకున్న చదువు మరిచిపోయానేమో" అని కొందరు అక్కలు బెంగపడతారు. పుస్తకం మూసేస్తారు.

చదువు ఎక్కడికీ పోలేదు. చూపు మారింది, అంతే.

కంటి లోపల అద్దం లాంటి కటకం ఉంటుంది. వయసుతో అది గట్టిపడుతుంది. 40 ఏళ్లు దాటితే దగ్గరివి సరిగా ఆనవు. ఇది అందరికీ వచ్చేదే. 60 ఏళ్ల దాకా అద్దాల నంబరు కొంచెం కొంచెం పెరుగుతుంది. అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందని కొందరంటారు. అది నిజం కాదు. పెరిగేది వయసు వల్ల.

పాత అద్దాలతో అక్షరాలు అలుక్కుపోతున్నాయా? చదివితే తలనొప్పి వస్తోందా? అయితే మళ్లీ కంటి పరీక్ష చేయించుకోవాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా 2 ఏళ్లకోసారి చూపించుకోవడం మంచిది. షుగరు ఉన్నవాళ్లు ప్రతి ఏడూ చూపించుకోవాలి.

అత్త అద్దాలు కోడలికి పనికిరావు. ఎవరి నంబరు వారిదే.

కొత్త అద్దాలతోనూ మసకగా ఉంటే శుక్లం కావచ్చు. దానికి ఆపరేషనే మందు. ఉన్నట్టుండి చూపు తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

చూపు సరిచేసుకుంటే చదువు ఆగదు.