పొరుగు కరెంటుతో నడిచిన చిప్

1985 ఏప్రిల్ 26. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ కంప్యూటర్స్ ఇంజినీర్లకు తమ మొదటి ప్రాసెసర్ చేతికొచ్చింది. దానికి ఆదేశాల భాష కూర్చింది సోఫీ విల్సన్, లోపలి నిర్మాణం చేసింది స్టీవ్ ఫర్బర్. చిప్ చక్కగా నడిచింది. ఎంత కరెంటు తాగుతోందో చూద్దామని ఫర్బర్ అమ్మీటరు పెడితే సున్నా చూపించింది!

తీరా చూస్తే బోర్డులో లోపం. చిప్‌కు సరఫరాయే అందడం లేదు. పక్క చిప్‌ల నుంచి సంకేతాల తీగల వెంట వచ్చే కాస్త కరెంటుతోనే అది పని కానిచ్చేస్తోంది.

ఈ పొదుపు వెనకున్నది డబ్బు లెక్క. సిరామిక్ తొడుగు ఖరీదెక్కువ. చవకైన ప్లాస్టిక్ తొడుగు వేయాలంటే చిప్ ఒక వాట్ దాటకూడదు. ఆ భయంతో అడుగడుగునా జాగ్రత్తపడితే, చివరికి వాట్‌లో పదోవంతే సరిపోయింది. అందులో ట్రాన్సిస్టర్లు 25 వేలే. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 386లో 2,75,000. ట్రాన్సిస్టర్ తెరుచుకుని మూసుకున్న ప్రతిసారీ కొంత కరెంటు ఖర్చవుతుంది. అవి తక్కువుంటే ఖర్చూ తక్కువే.

ఆ చిప్ పేరు ఆర్మ్. 1990లో ఏకార్న్, ఆపిల్, వీఎల్‌ఎస్‌ఐ కలిసి దానికోసమే ఒక కంపెనీ పెట్టాయి. ఇవాళ దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఆ వంశమే. 2012 ఫిబ్రవరి 29న అదే కేంబ్రిడ్జి నుంచి, అదే వంశపు చిప్‌తో, అరచేతిలో ఇమిడే రాస్‌బెర్రీ పై అనే కంప్యూటరు బోర్డు వచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి తెచ్చిన ఆ బోర్డును పెద్దలు ఇంటి సర్వరుగా పెట్టుకున్నారు.

ఫొటోలు దాచడం, టీవీకి సినిమాలు అందించడం... ఇంటి సర్వరుకు పని గోరంత, ఎదురుచూపు కొండంత. అందుకే ఊరికే ఉన్నప్పుడు ఎంత తాగుతుందన్నదే అసలు లెక్క. ఏడాదికి 8,760 గంటలు. అంటే ఒక్క వాట్ ఆగకుండా లాగితే దాదాపు 9 యూనిట్లు. ఖాళీగా 50 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్‌కు 438 యూనిట్లు, 4 వాట్ల బోర్డుకు 35. అయితే పెద్ద హార్డ్‌డిస్క్ ఒక్కటి నిత్యం తిరుగుతుంటే బోర్డుకన్నా అదే ఎక్కువ తాగేస్తుంది. దాన్ని పని లేనప్పుడు నిద్రపుచ్చాలి, లేదా ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవాలి.

మన ఇళ్లలో కరెంటు పోతే ఫ్యానుతో పాటు ఈ సర్వరునూ ఇన్వర్టరు మీద వదిలేయొచ్చు, పెద్ద బరువేం కాదు. పొరుగు తీగల మిగులుతో బతికిన వంశం మరి!