బండి పాతదే.. ఇంజిన్ దానిదేనా?

అమెరికాలో క్లాసిక్ మజిల్ కారు కొనేవాళ్లు రంగు కన్నా ముందు చూడాల్సింది నంబర్లు

ఒకే ఏడాది తయారీ, ఒకే మోడల్, ఒకే రంగు. పక్కపక్కన నిలబెడితే కవలల్లా కనిపించే రెండు కార్లు. కానీ ఒకదాని ధర రెండోదానికన్నా చాలా ఎక్కువ! అమెరికాలో పాత మజిల్ కార్ల వేలానికి తొలిసారి వెళ్లిన మనవాళ్లకు ఓ పట్టాన అర్థం కాని విషయమిది. తేడా బానెట్ కింద ఉంటుంది. ఒకదానిలో ఉన్నది ఫ్యాక్టరీలో ఆ కారుకే బిగించిన ఇంజిన్. రెండోదానిలో ఉన్నది అలాంటిదే, కానీ వేరే కారుది.

ఏటా ఆగస్టులో డెట్రాయిట్ శివార్లలో జరిగే ‘వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్’ను చూసినవారికి ఈ కార్ల మోజు ఎలాంటిదో తెలుసు. 1995లో మొదలైన ఈ వేడుకకు వేలాది పాత కార్లు రోడ్డెక్కుతాయి. ఇంటి అప్పు ఓ కొలిక్కి వచ్చి, పిల్లలు కాలేజీలకు వెళ్లాక ‘మనమూ ఒకటి కొందామా’ అనుకునే తెలుగువారూ ఉన్నారు. మోజు పడటంలో తప్పులేదు. అయితే ‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. అసలు విడిభాగాల సంగతి తెలియకుండా దిగితే చేతులు కాలతాయి.

అసలువి ఎందుకు మిగల్లేదు?

మధ్యతరహా కారులో పెద్ద కారు ఇంజిన్ పెడితే అది మజిల్ కారు. 1964 పాంటియాక్ జీటీవోతో ఈ ఒరవడి ఊపందుకుందని చాలామంది అంటారు. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదన్నది అప్పట్లో జనరల్ మోటార్స్ సొంత నియమం. జాన్ డెలోరియన్ బృందం టెంపెస్ట్ కారుకు 389 ఘనపు అంగుళాల ఇంజిన్‌ను ‘అదనపు ప్యాకేజీ’గా చూపి ఆ నియమాన్ని దాటేసింది. ఆ తర్వాత షెవ్రొలె, ఫోర్డ్, ప్లిమత్, డాడ్జ్ పోటీ పడ్డాయి. బీమా ప్రీమియంలు పెరగడం, 1970 స్వచ్ఛ వాయు చట్టం, 1973 చమురు సంక్షోభం.. ఒకదాని వెంట ఒకటి వచ్చి ఈ కార్ల జోరుకు బ్రేకు వేశాయి.

వీటిని కొన్న కుర్రకారు దాచుకోవడానికి కొనలేదు, పందేలకు కొన్నారు. ఇంజిన్లు పేలిపోయాయి. వారంటీ కింద కంపెనీలే కొన్నింటిని మార్చాయి. పెట్రోలు ధర పెరిగాక చాలా బళ్లు తుక్కు దుకాణాలకు చేరాయి. అప్పట్లో అవి పాత కార్లు, అంతే. అందుకే పుట్టినప్పటి ఇంజిన్, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ ఇప్పటికీ కలిసే ఉన్న కారుకు అంత విలువ. దీన్నే ‘మ్యాచింగ్ నంబర్స్’ అంటారు.

నంబర్లు చెప్పే జాతకం

1969 షెవ్రొలె కమారోనే తీసుకుందాం. ఆ మోడల్ ఏడాదిలో 2,43,085 కమారోలు తయారైతే, అందులో పేరున్న జెడ్/28 రకం 20,302 మాత్రమే. చిక్కేమిటంటే, అది జెడ్/28 అవునో కాదో కారు గుర్తింపు సంఖ్య (విన్) చెప్పదు. ఆరు సిలిండర్లా, ఎనిమిదా అన్నంత వరకే చెబుతుంది. అంటే మామూలు వీ8 కమారోకు చారలు వేసి, బ్యాడ్జీలు అంటించి జెడ్/28 అని అమ్మేయొచ్చు. పైన పటారం, లోన లొటారం!

అసలు గుట్టు ఇంజిన్ మీద ఉంటుంది. సిలిండర్ హెడ్ ముందున్న చదునైన చోట ‘వీ0312డీజెడ్’ లాంటి ముద్ర కనిపిస్తుంది. ‘వీ’ అంటే ఫ్లింట్ ప్లాంటు, 0312 అంటే మార్చి 12న కూర్చిన ఇంజిన్, ‘డీజెడ్’ అంటే ఆ ఏడాది జెడ్/28కి ఇచ్చిన 302 ఇంజిన్. అక్కడే, లేదా ఆయిల్ ఫిల్టర్ దగ్గర కారు విన్‌లోని చివరి అంకెలు కూడా కొట్టి ఉంటాయి. అవి కారు విన్‌తో కలవాలి.

తేదీల వరస కూడా కుదరాలి. ఇంజిన్ బ్లాకు వెనక అంచున పోత పోసిన తేదీ ఉంటుంది. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి.. ఇలా. కారు బాడీ పలక మీద ‘03సీ’ అని ఉంటే మార్చి మూడో వారం తయారీ. బ్లాకు మీద ‘డీ 25 9’ అని ఉంటే 1969 ఏప్రిల్ 25న పోసిన పోత. బిడ్డ పుట్టాక నెల రోజులకు గుండె తయారైందంటే నమ్ముతామా? ఆ ఇంజిన్ ఆ కారుది కాదు. కార్బురేటర్, అద్దాల మీది తేదీ గుర్తులకూ ఇదే లెక్క.

ఇవే లింకు డాక్యుమెంట్లు

ఊళ్లో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వం కదా! ఇక్కడా అంతే. ఫోర్డ్ కార్లకు 1967 నుంచి కంపెనీ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ‘మార్టి రిపోర్ట్’ దొరుకుతుంది. పాంటియాక్‌లకు ‘పీహెచ్ఎస్’ అనే సంస్థ ఫ్యాక్టరీ పత్రాల నకళ్లు ఇస్తుంది. ప్లిమత్, డాడ్జ్‌లలో విన్‌లోని ఐదో అక్షరమే ఇంజిన్ ఏదో చెబుతుంది. 1970, 71ల్లో అక్కడ ‘ఆర్’ ఉంటే 426 హెమీ. ఫ్యాక్టరీ బిల్డ్ షీటు ఒక్కోసారి సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని దొరుకుతుంది. ఆ చిరిగిన కాగితం విలువ వేల డాలర్లు ఉండొచ్చు.

డబ్బున్న చోట దొంగ ముద్రలూ ఉంటాయి. పాత అంకెలను గీకేసి కొత్తవి కొట్టే ‘రీస్టాంపింగ్’ పాత మోసమే. ఫ్యాక్టరీ యంత్రం ఆ చోట సన్నటి సమాంతర గీతలు వదులుతుంది. అవి లేకుండా నున్నగా ఉన్నా, గుండ్రంగా రుద్దిన గుర్తులున్నా అనుమానించాలి. అయితే గ్యారేజీలో నిజాయతీగా బ్లాకును చదును చేయించినా అంకెలు చెరిగిపోతాయి. మరమ్మతుకు ఇచ్చే ముందే మెకానిక్‌కు ఈ సంగతి చెప్పాలి.

విన్ పలక జోలికి మాత్రం వెళ్లొద్దు. దాన్ని తెలిసి మార్చడం, తొలగించడం ఫెడరల్ నేరం. ఇండియానాలో కొన్న 1959 కార్వెట్‌ను 2017లో కేన్సస్ పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. గతంలో ఎవరో బాగుచేస్తూ పలక ఊడదీసి తిరిగి బిగించడమే కారణం. కొన్నాయన తప్పేమీ లేకపోయినా కారు కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 2022లో ఆ రాష్ట్రం చట్టాన్నే సవరించింది.

మెరుపే విలువ కాదు

ఇప్పుడు డ్యాష్‌బోర్డు నుంచి డోర్ల దాకా కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు. 1969 కమారో బాడీ మొత్తమే కొత్తది దొరుకుతోంది. తుప్పు తిన్న నేల రేకుకు ఇవి వరమే. కానీ ఉన్న అసలు ఫెండర్‌ను చిన్న సొట్టకే తీసి పారేసి కొత్తది బిగిస్తే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. రంగు, సీట్లు, లోహపు పూత ఒక్కసారి పోతే మళ్లీ రావు.

‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ ఇందుకు నిదర్శనం. 1974లో సుమారు 6,000 డాలర్లకు కొన్న కుటుంబం దాన్ని కొత్తగా తీర్చిదిద్దలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది వెలిసిన రంగుతోనే వచ్చి, రుసుములు కాకుండా 34 లక్షల డాలర్లు పలికింది. సినిమా పేరే అంత ధర తెచ్చింది, నిజమే. కానీ చిత్రీకరణ నాటి గుర్తులన్నీ కొత్త రంగు కింద కప్పేసి ఉంటే అదే కారని నమ్మించడం కష్టమయ్యేది.

అలాగని అన్నీ అసలువే ఉండాలన్న పట్టుదలా ప్రమాదమే. 50 ఏళ్ల నాటి టైర్లు, బ్రేకు గొట్టాలతో భార్యాపిల్లలను ఎక్కించుకుని ఫ్రీవే ఎక్కకూడదు. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు ఇంధన గొట్టాలు తట్టుకోలేవు. నడవడానికి, ఆగడానికి అవసరమైనవి మార్చండి. తీసినవాటిని చీటీ రాసి, డబ్బాలో భద్రపరచండి. కారు అమ్మేటప్పుడు ఆ డబ్బా కూడా ఆస్తే.

కొనేముందు ఇవి చూడండి

* అమ్మకందారు మాటతో సరిపెట్టుకోకుండా విన్, ఇంజిన్, గేర్‌బాక్సు నంబర్ల ఫొటోలు ముందే అడగండి.

* ఆ మోడల్‌ను బాగా ఎరిగిన స్వతంత్ర నిపుణుడితో తనిఖీ చేయించండి. రుసుము వందల్లో ఉంటుంది, నష్టం వేలల్లో.

* అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. రేకుకు అంటుకోని చోట పుట్టీ ఉందని అర్థం.

* ‘నంబర్స్ మ్యాచింగ్’ అన్న మాటను అమ్మకపు పత్రంలో రాయించుకోండి.

* బీమా ‘అగ్రీడ్ వాల్యూ’ పద్ధతిలో తీసుకోండి. మామూలు పాలసీ తరుగు తీసేసి లెక్కగడుతుంది.

ఇంజిన్ మారిన కారు పనికిరాదని కాదు. వారాంతంలో సరదాగా నడపడానికి అదే హాయి, గీత పడుతుందన్న బెంగ ఉండదు. కాకపోతే దానికి తగ్గ ధరే ఇవ్వాలి. అసలు దానికి అసలు ధర, మారిన దానికి మారిన ధర. ఈ రెండింటి తేడా తెలిసినవారికే పాత కారు ముచ్చట తీరుతుంది.