షరతులు పెట్టిన మనిషికే పగ్గాలు

1971 డిసెంబరు 30న ఇస్రో అధినేత విక్రమ్ సారాభాయ్ తిరువనంతపురం దగ్గరి కోవళంలో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరి మూడు నెలలు కూడా కాలేదు. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవిలో చెయ్యాల్సిన పని కొండంత ఉంది, చేయించే పెద్దదిక్కు లేకుండా పోయింది.

ప్రధాని ఇందిరా గాంధీ చూపు సతీష్ ధవన్ మీద పడింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి ఆయన డైరెక్టర్. ఆ సమయానికి మాత్రం దేశంలో లేరు, సెలవు పెట్టి అమెరికాలోని కాల్టెక్‌లో ఉన్నారు. ఇస్రో పగ్గాలు పట్టమని అక్కడికే కబురు వెళ్లింది. ఇంకొకరైతే ఆ రాత్రే పెట్టె సర్దుకునేవారు. ధవన్ రెండు షరతులు పెట్టారు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ పదవి వదలను, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉండాలి అన్నారు. దానికితోడు కాల్టెక్‌లో ఒప్పుకున్న పని ముగించుకునే వస్తానన్నారు. ప్రభుత్వం అన్నింటికీ ఒప్పుకుంది. ఆయన వచ్చేదాకా, 1972లో చాలా నెలలపాటు, ఎం.జి.కె. మీనన్ బాధ్యతలు చూశారు.

కంపెనీకి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌ని, క్లుప్తంగా సీటీవోని, వెతుకుతున్న యజమానులకు ఈ కథలో మింగుడుపడనిది ఆ ఎదురుచూపే. తొంభై రోజుల నోటీసు పీరియడ్ అనగానే ముఖం మాడ్చుకునే రోజులివి. కానీ ధవన్ అడిగినవాటిని మళ్లీ చూడండి. రెండూ పని ఎలా సాగాలన్నదాని గురించే. ఎక్కడ కూర్చుంటే మంచి ఇంజనీర్లు దొరుకుతారో, ఎక్కడుంటే ఢిల్లీ ఫైళ్ల గాలి తగలకుండా నిర్ణయాలు తీసుకోవచ్చో ఆయన ముందే లెక్క వేసుకున్నారనిపిస్తుంది. ఏమీ అడగకుండా తలూపే అభ్యర్థికి ఆ కుర్చీ బరువు ఇంకా తెలియలేదనుకోవచ్చు.

వచ్చాక ధవన్ మనుషుల్ని ఎంచుకున్న తీరు మరీ ఆసక్తికరం. తిరువనంతపురం రాకెట్ కేంద్రాన్ని నడపడానికి బ్రహ్మ్ ప్రకాశ్‌ని తెచ్చారు. ఆయన లోహశాస్త్రవేత్త. అణుశక్తి విభాగంలో ఎదిగి, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ని నిలబెట్టిన మనిషి. రాకెట్ల రంగం ఆయనది కాదు. ఒకే పైకప్పు కింద ఎవరి దారి వారిదిగా ఉన్న బృందాల్ని ఒక పద్ధతిలోకి తేవడమే అక్కడి అవసరం, ఆ పని బ్రహ్మ్ ప్రకాశ్‌కి తెలుసు. ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ప్రాజెక్టు మాత్రం రాకెట్ పనిలోనే ఉన్న అబ్దుల్ కలాం చేతికి వచ్చింది.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకు ధవన్ వెళ్లి మాట్లాడారు, మా బృందం మీద నాకు నమ్మకముందన్నారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని కలాంని పంపారు. ఈ సంగతిని కలామే తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పుకున్నారు. సీటీవో ఇంటర్వ్యూలో ఎన్ని సాంకేతిక ప్రశ్నలు వేసినా, ఓటమి రోజున తాను ముందు నిలబడి గెలుపు రోజున కిందివారిని ముందుకు పంపే ఈ గుణం బయటపడదు. అభ్యర్థి కింద పనిచేసి వెళ్లిపోయిన ఒకరిద్దరిని కలిసి, పని చెడిన రోజున ఆయన ఏం చేశాడని అడిగితేనే తెలుస్తుంది. మన కంపెనీలు పాత బాసుల్ని అడుగుతాయి తప్ప పాత జూనియర్లను అడగవు.

ధవన్ మరణించిన 2002లోనే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2022లో జిల్లాల పునర్విభజనతో ఆ దీవి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

అదే జిల్లాలో జరిగిన మరో రెండు నియామకాలూ చూడదగ్గవే. తిరుపతి ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధనా సంస్థ ఐసర్ రెండూ 2015లో తాత్కాలిక ప్రాంగణాల్లో మొదలయ్యాయి. ఏర్పేడు వైపు ఖాళీ నేల మీద సొంత ప్రాంగణాలు లేవాల్సిన సమయమది. ఐఐటీకి తొలి డైరెక్టర్‌గా వచ్చిన కె.ఎన్. సత్యనారాయణ మద్రాస్ ఐఐటీలో సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్, నిర్మాణ పనుల నిర్వహణ ఆయన రంగం. ఐసర్‌కి వచ్చిన కె.ఎన్. గణేశ్ అంతకు ముందు పుణె ఐసర్‌కి వ్యవస్థాపక డైరెక్టర్. ఒకరు కట్టడం తెలిసిన మనిషి, ఇంకొకరు అలాంటి సంస్థనే ఒకసారి సున్నా నుంచి నడిపించిన మనిషి. సంస్థకు రాబోయే అయిదేళ్లలో ఎదురయ్యే పనేమిటో దానికి తగ్గ మనిషి దొరికాడు. మామూలు కంపెనీ ప్రకటన ఇలా ఉండదు. క్లౌడ్ రావాలి, ఏఐ రావాలి, సైబర్ భద్రత రావాలి, పాతిక మందితో పని చేయించాలి, అవసరమైతే కోడూ రాయాలి. అన్నీ వచ్చినోడు కావాల అని కూర్చుంటే ఎవరూ రారు.

టెక్నాలజీ పెద్దని తెచ్చుకోవడానికి ఇంకో దారి తిరుపతి పక్కనే, కరకంబాడిలో కనిపిస్తుంది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో అమర రాజా స్థాపించారు. కంపెనీలో తర్వాతి తరమైన ఆయన కుమారుడు జయదేవ్ చదివింది మాత్రం ఇంజనీరింగ్ కాదు, రాజకీయ శాస్త్రం, అర్థశాస్త్రం. 1997లో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ 26 శాతం వాటాతో భాగస్వామి అయింది. అంటే టెక్నాలజీ ఒక ఉద్యోగిగా కాక వాటాదారుగా వచ్చింది. 2000లో అమరాన్ బ్యాటరీ బజారులోకి దిగింది. రెండు దశాబ్దాలు ఆ బంధం బాగానే సాగింది. 2019లో జాన్సన్ కంట్రోల్స్ తన బ్యాటరీ వ్యాపారాన్నే అమ్ముకుంది, ఒప్పందం ముగిసింది. సరిగ్గా ఆ కాలానికే లోకం సీసం బ్యాటరీల నుంచి లిథియం వైపు తిరుగుతోంది.

భాగస్వామి తెచ్చిన జ్ఞానం భాగస్వామితోనే వెళ్లిపోతుందా, ఇక్కడివాళ్ల చేతుల్లో మిగులుతుందా అన్నది అలాంటప్పుడే తేలుతుంది. అమర రాజా ఒకేచోట పందెం కాయలేదు. ఇస్రో తన లిథియం అయాన్ సెల్ పరిజ్ఞానాన్ని అందించడానికి 2019లో ఎంపిక చేసిన కంపెనీల్లో ఇదీ ఒకటి. 2021లో తిరుపతిలోనే లిథియం సెల్ పరిశోధనకు కేంద్రం తెరిచింది. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసి, మరుసటి ఏడాది చైనా బ్యాటరీ సంస్థ గోషన్‌కు చెందిన జీఐబీతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. ఏది సొంతంగా నేర్చుకోవాలి, ఏది డబ్బిచ్చి కొనాలి అని రోజూ తేల్చడమే సీటీవో అసలు ఉద్యోగం. బాగా కోడు రాసే సీనియర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఈ నిర్ణయాలన్నీ యజమాని తన దగ్గరే అట్టిపెట్టుకుంటే ఆ సీనియర్ ఏడాది తిరక్కుండా బెంగళూరు బస్సెక్కుతాడు.

బెంగళూరు, చెన్నై దగ్గరే ఉండటం ఈ ప్రాంతానికి మేలూ, కీడూ. మనిషి దొరకడం తేలికే, ఇల్లు మార్చడమే కష్టం. భార్యకో భర్తకో ఉద్యోగం, పిల్లల బడి అక్కడే ఉంటాయి. జీతం పెంచినంత మాత్రాన ఈ ముడి విడదు. నెలలో సగం రోజులు ఇక్కడ, మిగతావి అక్కడ అని ముందే రాసుకున్న కంపెనీలు నయం. చిన్న కంపెనీ అయితే వారానికి రెండు రోజులు వచ్చే అనుభవజ్ఞుడితో మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు. ‘మనోడేనా’ అన్న ప్రశ్న మాత్రం గుమ్మం బయటే ఆపాలి. ఆ ప్రశ్నతో మొదలైన వెతుకులాట పది ఇళ్ల దగ్గరే ఆగిపోతుంది.

కాగితాల సంగతీ చూడాలి. జీతంతోపాటు స్టాక్ ఆప్షన్లు ఇస్తామని నోటిమాట చెబితే చాలదు. కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం ఆప్షన్ ఇచ్చిన తేదీకీ, అది చేతికి దక్కే తేదీకీ మధ్య కనీసం ఏడాది ఉండాలి. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు వేరు, అది నిలుస్తుంది. వీటికన్నా ముఖ్యం, యజమానికీ సీటీవోకీ మాట కలవనప్పుడు ఎవరి మాట చెల్లుతుందో, ఎంత ఖర్చుదాకా అడగక్కర్లేదో నియామకపత్రంలో ఉండాలి.

తిరుపతిలోనో చిత్తూరులోనో కంపెనీ పెట్టి ఇప్పుడు సీటీవో కోసం చూస్తున్నవారు ప్రకటన ఇచ్చే ముందు, ఇకమీదట తాము వేలు పెట్టబోని మూడు నిర్ణయాలు కాగితం మీద రాసి చూసుకోవాలి. మూడూ రాయలేకపోతే మంచి ఇంజనీరింగ్ మేనేజర్‌ని పెట్టుకోండి, జీతం భారమూ తగ్గుతుంది. ఆ కంపెనీకి సీటీవో అవసరం ఇంకా రాలేదు.